మంచు పేరు చెప్పి

జనవరి 5

పొద్దున మా ఆయన గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. తొడలు వణుకుతున్నాయి. చలికాలంలో చెమటలు. పళ్లు బిగబట్టి అట్లాగే ఉన్నాడు. మా అత్త మంగవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. నేను నీళ్ల బిందెతో గడపలోనే ఆగిపోయాను.

"ఏంది గది?" అన్నాను.

"కాళ్లల్ల బలం రావాలె."

రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి కామారెడ్డి పోయి, చెప్పుల దుకాణంలో కూర్చుని వచ్చే మనిషికి కాళ్లలో బలం ఎందుకు?

జనవరి 7

రోజూ వచ్చేదానికంటే ముందు బస్సుకే వచ్చాడు. చేతిలో కవరు. అందులో మందంగా చేతి తొడుగులు, చెవుల మీదికి వచ్చే ఉన్ని టోపీ. ఎల్లారెడ్డిలో ఇంత చలి ఎప్పుడు పెట్టింది? అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. చెప్పింది నమ్మాలి.

జనవరి 9

అడగకుండానే చెప్పాడు.

"అనిలా, వచ్చే నెల ఔలీకి పోతున్న. నేనూ బాలరాజు."

"ఏడుంటది?"

"హిమాలయాలల్ల. మంచు మీద కాళ్లకు పొడుగు బద్దలు కట్టుకోని జారుతరు. స్కీయింగ్ అంటరు."

"బద్దలెందుకు?"

"లేకుంటె మంచుల కూరుకపోతం."

"కట్టుకుంటె?"

"కింద పడ్తం." నవ్వాడు. నేను నవ్వలేదు.

పెళ్లయిన నెలకు తెల్లచొక్కా వేసుకుని, ఇట్లాగే "బిచ్కుందల దోస్తు పెండ్లి, రేపు వస్త" అని చెప్పి పోయాడు. మర్నాడు ఫోన్ వచ్చింది, బొంబాయి నుంచి. విమానం ఎక్కబోతున్నాడట. వచ్చింది మూడేళ్లకు.

మా దగ్గర అందరూ ఇట్లాగే పోతారు. వీసా మాట ముందే బయటపడితే పోవుడు చెడుతుందని వాళ్ల భయం. ఒకడు తిరుపతి అంటాడు, ఒకడు మేనమామ ఇల్లంటాడు. వినేవాళ్లు తెలిసీ తెలియనట్టు తల ఊపుతారు. ఏడుస్తుందని భార్యకు అసలే చెప్పరు. అత్తకు మాత్రం తెలుసు. ఆ ముందురోజు నాటుకోడి కోసింది. ఎందుకు కోసిందో నాకు తర్వాత అర్థమైంది.

దుబాయిలో ఒక మాల్‌లో మంచు హాలు ఉందట. బయట ఎండ మండుతుంటే లోపల మంచు. వచ్చినవాళ్ల కాళ్లకు బూట్లు తొడగడం ఆయన పని. తిరిగొచ్చి రెండేళ్లయింది. "ఇగ పోను" అన్నాడు. నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను.

అబద్ధానికి కావలసిన మంచు కూడా దుబాయి నుంచే తెచ్చుకున్నాడని మాత్రం అనిపించింది.

జనవరి 10

ఆయన పాస్‌పోర్టు బీరువాలోంచి తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, బియ్యం డబ్బాలో అడుగుకు నెట్టాను. అనుమానంతో కాదు. బీరువాకు చెద పట్టేట్టుంది.

జనవరి 12

గోడ అవతల భూదవ్వ ఇల్లు. ఆమె కొడుకు నగేశ్ దుబాయిలోనే ఉన్నాడు. బట్టలు ఆరేస్తూ ఒక్క మాట అడిగాను.

"అవ్వా, ఔలీ అంటె దుబాయిలనా?"

భూదవ్వ చేతిలో చీర అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. "ఎవలంటున్నరే?"

"ఊకెనే అడిగిన. ఎవలికి చెప్పకు."

"నేనెవలికి చెప్తనే?"

ఒక్క మాటే కదా. అడిగినా తప్పు లేదు.

జనవరి 13

డాబా మీద ఫోన్లో హిందీ. "పక్కా భాయ్, పక్కా" అన్న ముక్కలే నాకు తెలిశాయి. నేను మెట్ల మీద అడుగు పెట్టగానే గొంతు తగ్గింది. నా అడుగు విని తగ్గించాడో, అవతలివాడు మాట్లాడుతున్నాడని తగ్గించాడో.

జనవరి 18

ఆదివారం. బాలరాజు వచ్చాడు. కామారెడ్డి స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు, ఆయనకు చిన్నప్పటి దోస్తు. ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. నేను వంటింట్లోంచి అన్నీ విన్నాను. వినాలని కాదు, కిటికీ అక్కడే ఉంది.

"శనారం ఆదారం వద్దు మామా" అన్నాడు ఈయన. "పట్నపోళ్లంత వస్తరు, రేట్లు లేస్తయి. ఫిబ్రవరి నడుమ సోమారం మొదలు పెడ్దం, బుధారం దాంక జారుదం, బేస్తారం కొండ దిగుదం."

"బూట్లు కొనాల్నా?"

"పిచ్చోనివా? బూట్లు, బద్దలు, పైన తొడిగే సూటు అన్ని ఆడ్నే కిరాయికిస్తరు. మనం కొనేది గ్లౌజులు, లోపటి ఉన్ని బట్టలే. జీన్స్ ప్యాంటు అసలే వద్దు. తడిస్తె ఎండది. సాక్సులు ఒక్కటే జత. చలని రెండు జతలు తొడిగినవనుకో, బూటు పట్టు తప్పుతది."

"మీదికి పోయే లిఫ్టుకు టికెట్టంటరు గదా?"

"మనకెందుకు? కొత్తోళ్లం. మూడు దినాలు చిన్న వాలు మీదనే. నడ్సుకుంట ఎక్కుడు, పడుకుంట దిగుడు. ముందుగాల పడుడే నేర్పుతరు."

"పడుడు నాకు నేర్పుతరా! గా పని కల్లు దుకాణం కాడ ఎన్నడో పాసైన."

ఇద్దరూ నవ్వుకున్నారు.

"మరి ఉండుడు ఎక్కడ?"

"నేగీ ఇంట్ల. దుబాయిల నా తోని పనిచేసిండు. వానిది ఆ పక్క ఊరే. ఇప్పుడు మందికి జారుడు నేర్పుతుండు. మనకు గూడ వాడే నేర్పుతడు."

దుబాయి అనే మాట నా చెవులతో విన్నాను. చేతిలో గరిటె కింద పడింది. బాలరాజు గొంతు తగ్గించాడు గాని వాడి గొంతు తగ్గించినా వాకిలి దాటుతుంది.

"మామా, నిజం చెప్పు. మంచుకేనా? నేనెవలికి చెప్ప. వీసా ఉంటె నాకు గూడ ఒకటి చూడరాదు!"

ఈయన నవ్వాడు. ఔననలేదు, కాదనలేదు. దోస్తుకే నమ్మకం లేదు. నాకు మాత్రం ఎట్లా ఉంటుంది? ఉంది. ఉందనే రాస్తున్నాను.

ఒక అబద్ధానికి సాక్సుల లెక్క కూడా కావాలా? మళ్లీ అనిపిస్తుంది, బిచ్కుంద పోయినరోజు పెళ్లికొడుక్కని గడియారం కూడా కొని చేతిలో పట్టుకుని పోయాడు.

జనవరి 20

డాక్టరు దగ్గర బీపీ చూపించుకున్నాడట. ఎత్తు ప్రాంతానికి పోయేవాళ్లు చూపించుకోవాలట. దుబాయి పోయేముందు కూడా మెడికల్ ఉంటుంది.

జనవరి 22

భూదవ్వ కొంగు చాటున ఒక డబ్బా పట్టుకుని వచ్చింది. సకినాలు. మూతకు చుట్టూ టేపు వేసి ఉంది.

"నీ మనిషి పోయే కాడికి నగేశ్ గాడు వచ్చి తీస్కుంటడు."

"ఆయన మంచు కాడికి పోతుండవ్వా."

"ఔ బిడ్డా, మంచు కాడికే." తల ఊపింది. ఆ తల ఊపడం నాకు తెలుసు.

జనవరి 24

రాజశ్రీ వచ్చింది. నాకంటే చిన్నది. భర్త షార్జాలో ఉన్నాడు. మామిడికాయ తొక్కు, ఒక లుంగీ తెచ్చింది.

"యాడికి పోతుండో నేనడుగుతలేనక్కా. నాకెందుకు? ఇది మాత్రం పెట్టు. తొక్కు నూనె కారకుంట చూడమను, పోయినసారి ఎవలో తీస్కపోతె అంగీలన్ని ఖరాబైనయట."

తీసుకుని మంచం కిందికి నెట్టాను. వద్దనడానికి నోరు రాదు నాకు.

జనవరి 26

ఎండు చేపలు. పల్లీలు. ఎవరి కొడుక్కో బీడీ కట్టలు. మంచం కింద చోటు లేదు.

అందరికీ తెలుసు. నాకొక్కదానికే చెప్పలేదు.

జనవరి 28

అత్త నాటుకోడి కోసింది.

నేను ముద్ద దిగక కూర్చున్నాను. "తినవేందే?" అంది. "కోడెందుకు కోసినవత్తా?" అన్నాను. "గుడ్లు వెట్టుడు బందు చేసింది, కొయ్యక పూజ చెయ్యాల్నా?" అంది.

కోడి నిజంగానే గుడ్లు మానేసిందా? ఎప్పుడు మానేసింది? నేను చూసుకోలేదు.

ఫిబ్రవరి 3

కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చేసరికి ఇంట్లో అన్నం వండి ఉంది. ఆయన దుకాణం తొందరగా మూసి వచ్చాడట. అత్తకు ఆకలైందని తనే పొయ్యి మీద పెట్టాడట.

బియ్యం తీసింది ఆయనే. ఆయన బయటికి పోగానే డబ్బాలో మోచేతి దాకా పెట్టి చూశాను. పాస్‌పోర్టు ఉంది. ఆయన చూడలేదు. చూస్తే ఊరుకుంటాడా?

రెండు రబ్బరు బ్యాండ్లు వేసినట్టు గుర్తు. ఇప్పుడు ఒకటే ఉంది. నేనే ఒకటి వేశానేమో.

ఫిబ్రవరి 5

సాయంత్రం బాలరాజు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేనస్తలేను మామా. దుబాయి పోతె పుట్టింటికి పోత అంటుంది నా పెండ్లాం నవత. మంచుకే అంటె నమ్మదు. ఊరంత దుబాయి అంటుండ్రు, నేనొక్కన్ని మంచంటున్న."

"ఊరంత ఎవలు?"

"భూదవ్వ చెప్పిందట."

ఈయన అక్కడికక్కడే గోడ దగ్గరికి పోయి పిలిచాడు. "అవ్వా, నేను దుబాయి పోతున్ననని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పుడేందిరా? నీ పెండ్లామే అడిగింది. ఔలీ దుబాయిలనా అని."

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను నేల చూశాను. బాలరాజు మెల్లగా ఆటో స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

తర్వాత ఆయన గడప మీద కూర్చున్నాడు.

"నీకు గూడ గట్లనే అనిపిస్తుందా?"

"లేదు" అన్నాను.

"ఆడ పిలుస్తుండ్రు. అబద్ధమెందుకు? పాత సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ చేసిండు. నేను పోనన్న." చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "మూడేండ్లు మందికి బూట్లు తొడిగిన అనిలా. చిన్న పోరగాండ్లకు, ముసలోళ్లకు, అందరికి. బూటు బిగించి నిలబెడ్తె అద్దం అవతలికి పోయి జారేటోళ్లు. నేను ఈ పక్కనుంచి చూసెటోన్ని. నా కాలికి ఒక్కపాలి గూడ తొడగలే. ఒక్కసారి చూద్దామని. అంతనే."

అద్దం గురించి ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడే ఎందుకు చెప్పాడు?

"ఇడ్సిపెట్టు" అన్నాడు లేచి. "ఒక్కన్నే ఏం పోతగని. టికెట్టు వాపస్ చేస్త."

"నేనస్త."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. అత్త బీడీ చుట్టడం ఆపేసింది. ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నిజంగనే? చలి ఉంటది. పడ్తవు. అందరు చూస్తరు."

"చూడనీ."

నాకు మంచు చూడాలని ఉంది. అందుకే అన్నాను. ఆయన పక్కనే ఉంటే విమానం ఎట్లా ఎక్కుతాడన్నది ఆ తర్వాత తట్టిన మాట. ముందు తట్టింది మంచే.

ఫిబ్రవరి 7

తలుపు గడియ పెట్టి లోపలి ఉన్ని ప్యాంటు వేసుకుని చూశాను. పుట్టి ఇప్పటిదాకా ప్యాంటు వేయలేదు. కాళ్లు రెండూ వేరువేరుగా ఉన్నట్టు సిగ్గేసింది. అట్లాగే గోడకు ఆని కుర్చీ లేకుండా కూర్చున్నాను. చప్పుడైతే చూశాను, కిటికీలో అత్త.

"మొగడు చెడింది చాలదని నువ్వు గూడనా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం చూసి చాలా కాలమైంది.

ఆమెకు ఏమైనా తెలిస్తే ఇట్లా నవ్వుతుందా? నవ్వొచ్చు కూడా.

ఫిబ్రవరి 10

మంచం కిందివన్నీ సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మాట్లాడ్డం నాకు చేతకాదు. ఇంటినుంచే కూడబలుక్కుని పోయాను. 'మేం దుబాయి పోతలేము. మంచు కాడికి పోతున్నం. నేను గూడ.'

రాజశ్రీ నోరు తెరిచింది. "అక్కా, నీకు గూడ వీసా వచ్చిందా!"

భూదవ్వ డబ్బా ముట్టుకోలేదు. "ఇద్దరు పోతుండ్రా? మంచిగనే అయింది. మొగోళ్లకు ఇచ్చిన సామాను సగం తొవ్వలనే తింటరు. నువ్వు పోతె నా కొడుక్కు ముట్టుతది."

"అవ్వా, ఒట్టు. మంచు కాడికే."

"ఔ బిడ్డా. మంచు కాడికే."

తెచ్చినవన్నీ తిరిగి మోసుకొచ్చాను. నేను నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదు. నాకు కోపం వచ్చింది. ఆయనకు ఇన్నాళ్లూ ఇట్లాగే ఉందేమో.

ఫిబ్రవరి 12

బియ్యం డబ్బాలోంచి పాస్‌పోర్టు తీసి, స్వెటర్ లోపల జేబు కుట్టి అందులో పెట్టుకున్నాను. ఇంట్లో వదిలితే చెద. మధ్యాహ్నం బండికి కామారెడ్డి నుంచి బయలుదేరాం.

ఫిబ్రవరి 14

ఢిల్లీలో కూడా విమానాలు ఉంటాయి. నాకు బండి దిగాక గుర్తొచ్చింది.

"ఈడ్నే కూసో, హరిద్వార్ బస్సు ఏడున్నదో అడిగొస్త" అని జనంలోకి పోయాడు. నేను రెండు సంచులు, భూదవ్వ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. హిందీ రాదు. ఆయన నీలం టోపీ కాసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూశాను. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. అయినా భయం పోలేదు. అది లేకపోయినా పోయేవాళ్లు పోతారేమో, ఏదో దారి ఉంటుందేమో.

టీ గ్లాసులతో వచ్చాడు. నా ముఖం చూసి, "ఏడుస్తున్నవా?" అన్నాడు.

"దుమ్ము."

పక్కన కూర్చుని, ఒక గ్లాసు నాకిచ్చి, మెల్లగా అన్నాడు. "బిచ్కుంద అని చెప్పిన మాట గుర్తున్నదా? గదొక్క అబద్ధమే చెప్పిన. మళ్ల చెప్పలే."

నేను టీ తాగాను. వేడిగా ఉంది.

ఫిబ్రవరి 16

మంచు ఉంది.

ఉందని రాస్తుంటేనే నవ్వొస్తోంది. కొండంతా ఉంది. కళ్లు తెరవలేనంత తెలుపు.

నేగీ కూడా ఉన్నాడు. పొట్టివాడు, ఎర్రటి బుగ్గలు. ఈయన్ను చూసి కౌగిలించుకుని, నన్ను చూసి "భాభీ" అని దండం పెట్టాడు. ఆ రోజు డాబా మీద ఫోన్లో 'భాయ్' అన్నది ఇతన్నేనేమో.

నాకు బూట్లు ఈయనే తొడిగాడు. అందరిముందూ మంచులో మోకాలు ఆనించి కూర్చుని, నా మడమ చేతిలోకి తీసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"వేళ్లు ముంగట తాకుతున్నయా?"

"ఊఁ."

"మోకాలు వంచు. ఇప్పుడు?"

"తాకుతలేవు."

"గట్లనే ఉండాలె."

నాతో మాట్లాడుతున్నట్టు లేదు. దుబాయిలో ఎవరితోనో ఇట్లాగే మాట్లాడి ఉంటాడు. నాకు బిగించాక తన బూట్లు తను తొడుక్కున్నాడు. ఒకటి తొడిగి కాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. నేను వేరే వైపు తిరిగాను.

బద్దల ముందు కొనలు దగ్గరగా, వెనక దూరంగా పెడితే ఆగుతామట. నేగీ ఏదో పేరు చెప్పాడు. ఈయన, "సమోసా లెక్క పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆగలేదు. పడ్డాను. ఈయన లేపడానికి వచ్చి నా మీదే పడ్డాడు. మూడేళ్లు మంచు పక్కన ఉన్న మనిషికి నా అంత కూడా రాదు! నా నవ్వుకు దూరంగా ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. చూడనీ.

మధ్యాహ్నం భూదవ్వ డబ్బా టేపు కోశాం. సకినాలు నేగీకి బాగా నచ్చాయి.

ఫిబ్రవరి 17

నిన్న తీసిన ఫోటో ఆయన రాజశ్రీ ఫోనుకు పంపాడు. మంచులో మేమిద్దరం, చేతిలో సకినాలు. రాజశ్రీ ఫోనులోంచి భూదవ్వ మాటలు వచ్చాయి.

"ఇంత పెద్దగుంటదానే దుబాయిల మంచు హాలు! నగేశ్ గాడు ఎన్నడు చూపియ్యలేదు. నా సకినాలు మీరే తింటుండ్రా? వాడెప్పుడస్తనన్నడు?"

ఈయన నవ్వీ నవ్వీ మంచం మీద పడిపోయాడు. ఊరికి పోయాక డబ్బా నిండా నేనే చేసి ఇవ్వాలి.

ఫిబ్రవరి 18

ఆఖరి రోజు. చిన్న వాలు మీదికి ముందు నేనే ఎక్కాను. రాత్రి కురిసిన మంచు మెత్తగా ఉంది. నా బూట్లకు బద్దలు బిగించి లేవబోతూ, ఆయన నా స్వెటర్ వైపు చూశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"లోపట వెట్టుకున్నది తడుస్తది. ఈపాలి రెండు రబ్బర్లు ఎయ్యి. ఒకటి నేను తీసి చూసినప్పుడు తెగిపోయింది."

బియ్యం డబ్బా. ఆ రోజు అన్నం. అప్పటినుంచి తెలుసు. తీసి, చూసి, మళ్లీ బియ్యంలోనే పెట్టి, పొయ్యి వెలిగించి అన్నం వండాడు.

చెయ్యి లోపల పెట్టి కవరు బయటికి తీశాను. ఆయన ముందు పట్టుకున్నాను.

ఆయన తీసుకోలేదు. తన చేతి తొడుగు వేసుకుంటూ, "నీ కాడ్నే ఉండనియ్యి" అన్నాడు. "సమోసా మర్వకు."

మళ్లీ లోపల పెట్టుకున్నాను. సమోసా పెట్టాను. ఈసారి కింది దాకా పడకుండా పోయి, ఆగి, వెనక్కి తిరిగి చూశాను. ఆయన పైన నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

నాకు అనుమానం లేదు.

ఊరికి పోయాక మళ్లీ బియ్యం డబ్బాలోనే పెడతాను. రెండు రబ్బర్లు వేసి.